మామూలు రోగానికి నడిచే కార్డు

భూలి మేళ్లచెరువు దగ్గరి తండా మనిషి. నలభై రెండేళ్లుంటాయి. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేస్తుంది. భర్త పోయాక తల్లి సాలిని తెచ్చి దగ్గర పెట్టుకుంది.

సాలికి చాలా ఏళ్లుగా బీపీ ఉంది. మొన్నటి ఎండాకాలం నుంచి కూర్చుని లేస్తే కళ్లు తిరగడం మొదలైంది. గోడ పట్టుకుని నడిచేది. రెండుసార్లు పడింది కూడా.

రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ ఉంది కదా అని భూలి తల్లిని కోదాడ తీసుకెళ్లింది. అక్కడి క్లినిక్‌లో చీటీలు రాసే అమ్మాయి కార్డు చూసి తిరిగి ఇచ్చింది.

"ఇది ఆపరేషన్లకి, పెద్ద జబ్బులకి పనిచేస్తుందండి. ఊరికే చూపించుకోవడానికి కాదు."

ఇంకో క్లినిక్‌లోనూ అదే మాట. తర్వాతి వారం సూర్యాపేట వెళ్లారు. ఆటో ఆయన ఒక ప్రైవేటు దవాఖాన ముందు దించాడు. కార్డు తీసుకుంటామని బయట బోర్డు ఉంది. లోపల కౌంటర్‌లో ఉన్నతను సాలిని ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"రెండు రోజులు అడ్మిట్ చెయ్యమ్మా. గుండెనొప్పి అని రాస్తం. అంతా కార్డు మీద అయిపోతది."

"మా యాడికి గుండెనొప్పి లేదు సార్. కండ్లు తిరుగుతున్నయ్ అంతే."

"రాసుడే గదా. నీకేం పోతది?"

రేపు నిజంగా గుండెనొప్పి వస్తే ఈ కాగితం చూసినవాళ్లు ఏమనుకుంటారో భూలికి తెలియలేదు. లేని రోగం తల్లి పేరు మీద రాయించడం మాత్రం మనసొప్పలేదు. సాలి చెయ్యి పట్టుకుని బస్టాండుకు వచ్చేసింది.

మళ్లీ సెలవు అడగడానికి వెళ్లినప్పుడు ఫ్యాక్టరీ టైమాఫీసులో ఉండే రవీందర్ సంగతేమిటని అడిగాడు. అంతా విని ఆమె జీతం చీటీ తీసి ఒక గీత మీద వేలు పెట్టాడు.

"గీడ ఈఎస్ఐ అని నెలనెలా కోస్తున్నరు, సూడు. గిది ఉత్త జ్వరానికి గూడ నడుస్తది. నీ మీద బతికే అమ్మకు గూడ పనికొస్తది. నీకు ఎవ్వరు చెప్పలేదా?"

"కోస్తున్నరని తెలుసు సార్. ఎందుకో తెల్వదు."

నాలుగేళ్లుగా కోస్తున్నారు. రవీందర్ సాలి ఆధార్, ఫోటో తెప్పించుకుని కంప్యూటర్‌లో ఆమె పేరు ఎక్కించాడు. ఒకసారి పుట్టిన సంవత్సరం కలవలేదని తిప్పి పంపారు. సరిచేయించి మళ్లీ పెట్టేసరికి నెల గడిచింది. ఆ కార్డుతో చూసే డాక్టర్ మిర్యాలగూడలో ఉందని వాకబు చేసి చెప్పింది కూడా అతనే.

డాక్టర్ గ్రేస్ క్లినిక్ ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఉంది. కార్డు నంబరు రాసుకుని కూర్చోమన్నారు, అంతే. డాక్టర్ సాలిని కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడితే బాగా పడిపోతోంది.

"ఇంట్ల ఏమేం గోలీలు వేసుకుంటున్నవ్ అమ్మా? అన్ని బయట పెట్టు."

సాలి కవరు బల్ల మీద గుమ్మరించింది. డాక్టర్ వాటిని వేరుచేసి రెండు పట్టీలు పక్కపక్కన పెట్టింది.

"ఇవి ఎవరిచ్చిన్రు?"

"ఇది కోదాడ డాక్టర్, ఎప్పటిదో," అంది భూలి. "అది మా ఊరి ఆర్ఎంపీ. ఎండాకాలంల ఇచ్చిండు."

"రెండు ఒకటే మందు. కంపెనీలు వేరు, పేర్లు వేరు. డబల్ పడుతున్నది. అందుకే కండ్లు తిరుగుతున్నయ్."

ఒక పట్టీ తీసి పక్కన పెట్టేసింది. కొత్తగా ఏ మందూ రాయలేదు. భూలి ఆ పట్టీ వైపు కొద్దిసేపు చూసింది. రోజూ పొద్దున్నే గుర్తుపెట్టుకుని తల్లి చేత దాన్ని మింగించింది తనే.

పది రోజులకు సాలి గోడ వదిలి నడిచింది. రెండోసారి చూపించుకోవడానికీ భూలి తోడు వెళ్లింది. మూడోసారి ఆమెకు సెలవు దొరకలేదు. సాలి ఒక్కతే హుజూర్‌నగర్‌లో బస్సు మారి మిర్యాలగూడ వెళ్లి, సాయంత్రం చీకటి పడకముందే తిరిగి వచ్చింది.

డాక్టరమ్మ ఏమన్నదని భూలి అడిగింది.

"బీపీ మంచిగున్నదన్నది," అంది సాలి. "మన బాసల అమ్మను యాడి అంటరని ఆమెకు నేర్పిన. రెండుసార్లు తప్పు పలికింది."