మరియమ్మక్క పొయ్యిలో పెట్టిన విత్తనం

ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువుగా ఉన్నది ఒక పిడక. నవ్వకండి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

కోట అనే ఊళ్లో నాది ఎరువుల కొట్టు. మరియమ్మక్కది పక్క ఊరు, అరెకరం ఇసుక నేలలో వంగతోట. విత్తనం కొనేది కాదు. ముగ్గిన కాయల గింజలు బూడిదలో కలిపి, పేడలో పెట్టి, పిడకలుగా గోడకు కొట్టేది. వాళ్లమ్మ నుంచి వచ్చిన విత్తనం అది. ఆ కాయ కూర నేనూ తిన్నాను. వెన్నే అనుకోండి.

ఒక ఏడు ఆమె మట్టి పరీక్ష చీటీ పట్టుకొచ్చింది. చదువు రాదు.

"అబ్బయ్యా, ఇందులో ఏముండాదో చెప్పు."

నత్రజని చాలినంత ఉంది, యూరియా వద్దు, పొటాష్ వేయాలి అని ఉంది. నా కొట్టులో పొటాష్ లేదు. ఎదురు కొట్టులో ఉంది. అక్కడికి పొమ్మనడానికి నామోషీ వేసింది.

"యూరియా ఏసుకోక్కా. చేను ఎట్టా లేస్తాదో చూడు," అన్నాను.

లేచింది. ఆకు నల్లగా, మెత్తగా, ఏపుగా. మురిసిపోయి మళ్లీ వేసింది. మెత్తటి ఆకంటే పురుగుకు విందని నాకు తెలియదా? తెలుసు. ఆకు రసం పీల్చే దోమ ముసిరింది. కాయల్లో పురుగు దూరింది. మిగిలిన కాయలు చప్పగా, కోసిన మర్నాటికే వడలిపోయేవి.

మళ్లీ వచ్చి కొట్టు మెట్టు మీద కూలబడింది.

"మందు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయినాయి. ఇత్తనమే చెడినట్టుండాది. ఏమంటావు?"

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా?

"అవునక్కా, పాతబడిపోయినాది," అన్నాను.

గోడ మీది పిడకలన్నీ ఆ రోజే పొయ్యిలో పెట్టేశానని తర్వాత తనే చెప్పింది.

ఇప్పుడు సంకర విత్తనం నా దగ్గరే తీసుకుంటుంది. "ఆ రుచి మాయమ్మతోనే పోయినాదిలే," అంటుంది. మంచి సలహా ఇచ్చినవాణ్ణని ప్రతి ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేస్తుందట.

ఎందుకు చెప్పలేదు? తిడుతుందనా? చెబితే మాత్రం ఆ విత్తనం తిరిగి వస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, ఆమె కొట్టు మెట్లెక్కినప్పుడల్లా లేని పని కల్పించుకుని లోపలికి పోతూ ఇన్నేళ్లు గడిపాను. అలసిపోయాను. ఈ నాలుగు ముక్కలు రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

విత్తనంలో ఏ లోపమూ లేదు, అక్కా. ఆ చీటీ నేను కావాలనే తప్పు చదివాను.