రఘురామ్ గారి గుర్రం ఫోటో

ప్రతి ఉదయం ఆరున్నరకు రఘురామ్ గారు శ్రీనగర్ కాలనీలోని తన ఇంట్లో పద్నాలుగు జేబులున్న చేతుల్లేని కోటు తొడుక్కుంటారు. అడవుల్లో పులుల ఫోటోలు తీసేవాళ్లు వేసుకునే రకం అది. ఆ జేబుల్లో రెండు మార్కర్లు, గొంతు మాత్రలు, ఒక దువ్వెన, మడతపెట్టిన హాజరు పట్టీ ఉంటాయి. మిగతా జేబులు ఖాళీ.

అక్కడి నుంచి నడుచుకుంటూ మైత్రీవనం పక్క సందులో ఒక భవనం నాలుగో అంతస్తుకు చేరుకుంటారు. మూడో అంతస్తులో జావా నేర్పుతారు, అయిదో అంతస్తులో జర్మన్. మధ్యలో రఘురామ్ గారు తక్కువ వెలుతురులో ఆటల ఫోటోలు తీయడం నేర్పుతారు, నలభై అయిదు రోజుల్లో. ఇరవయ్యో రోజు పాఠం పైకప్పు కింద గుర్రాలు అడ్డకర్రలు దూకే పోటీల గురించి. పక్క ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పాఠం లేదు కాబట్టి ఇక్కడ పెట్టారు.

పాఠంలో తప్పేమీ లేదు. గుర్రం బెదురుతుంది కనుక ఫ్లాష్ వాడకూడదు. లెన్సు పూర్తిగా తెరవాలి. షట్టర్ సెకనులో అయిదువందలవ వంతు, ఐఎస్‌ఓ ఆరువేల నాలుగువందలు. ఫోటో కాస్త గరుకుగా వచ్చినా ఫరవాలేదు, మసకగా రాకూడదు. ఆ తర్వాత ప్రాక్టికల్. గదిలో లైట్లు ఆర్పేస్తారు. ఒక విద్యార్థి పరుగెత్తుకొచ్చి బెంచీ మీంచి దూకుతాడు. "వన్, టూ, త్రీ, జంప్" అని అరిచి రఘురామ్ గారు ఫోటో తీస్తారు. ఆరేళ్లుగా గుర్రం అంటే అదే. అసలు గుర్రాన్ని ఆయన పంజాగుట్ట రోడ్డు మీద పెళ్లి ఊరేగింపుల్లో చూశారు, అదీ బస్సులోంచి.

ఒకరోజు విక్రమ్ అనే విద్యార్థి లేచాడు.

"సార్, మీరు తీసిన గుర్రం ఫోటో ఒకటి చూపెట్టుండ్రి."

"క్లయింట్లతో ఒప్పందాలుంటాయి నాయనా. బయట చూపించకూడదు."

"ఆరేండ్ల నుంచి ఒక్క క్లయింట్ సుత ఒప్పుకుంటలేడా సార్?"

క్లాసు నవ్వింది. రెండో బెంచీలోంచి యశస్విని మాత్రం సాయం చేద్దామనే లేచింది. వాళ్లది బోరబండ. తండ్రి పోచయ్య ఊరి చివర ఒక రైడింగ్ క్లబ్బులో గుర్రాలకు మేత పెట్టి, మాలిష్ చేసే పనిలో ఉన్నాడు.

"సార్, ఆదివారం మా నాయిన కాడ షెడ్డు లోపట పోటీలున్నయి. ఇద్దరిని రానిస్తరంట. మీరు తీయుండ్రి, నేను ఎనక నిలబడి నేర్చుకుంట."

రఘురామ్ గారు తప్పించుకునే మాట కోసం చాలా వెతికారు. దొరక్క ఒప్పుకున్నారు. ఒక్క మంచి ఫోటో తెస్తే ఆరేళ్ల పాఠం నిజమవుతుంది. తేకపోతే అది ఏమిటో నలభై మందికీ తెలిసిపోతుంది.

క్లబ్బులో రేకుల కప్పు, ఇసుక నేల, కల్యాణ మండపం వంటగదిలో ఉన్నపాటి వెలుతురు. గుర్రాలు బెదరకుండా, స్వారీ చేసే పిల్లల తల్లిదండ్రులు వేళ్ల చివర్లతో చప్పట్లు కొడుతున్నారు. అంత నాజూకు వాళ్లకు గుర్రాల విషయంలోనే ఉంది. పోచయ్యను పిలవాలంటే చిటికె వేస్తున్నారు. మేనేజరు వచ్చి కెమెరా ఫ్లాష్ మీద స్వయంగా టేపు అంటించి వెళ్లాడు.

మొదటి అయిదు గుర్రాలకు రఘురామ్ గారికి నాలుగు తోకలు, గుర్రం లేని ఒక అడ్డకర్ర దక్కాయి. పోచయ్యకు జాలేసింది.

"సార్, చెవులు సూడుండ్రి. ఎగిరే ముందు ముందుకు పెడ్తది. గప్పుడు నొక్కుండ్రి."

ఆరో గుర్రం మీద పన్నెండేళ్ల అమ్మాయి వస్తోంది. చెవులు ముందుకొచ్చాయి. దగ్గు కూడా మింగేస్తున్న ఆ షెడ్డులో, ఆరేళ్ల అలవాటు రఘురామ్ గారి నోట్లోంచి ఊడిపడింది.

"వన్, టూ, త్రీ, జంప్."

గుర్రం నాలుగు కాళ్లూ ఇసుకలో పాతి ఆగిపోయింది. అమ్మాయి దాని మెడ మీదికి జారి, జూలు పట్టుకుని వేలాడింది. దెబ్బలేమీ తగల్లేదు. ఈలోగా రఘురామ్ గారి వేలు తన పని తాను చేసేసింది. మేనేజరు ఆయన్ను మోచెయ్యి పట్టుకుని గేటు దాటించాడు. తిట్లన్నీ పోచయ్యకు పడ్డాయి.

సోమవారం క్లాసులో తెర మీద ఆ ఫోటో పడింది. వంక పెట్టడానికి లేదు. జూలు వెంట్రుకలు, ఎగిరిన ఇసుక, అమ్మాయి తెరిచిన నోరు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"మస్తుంది సార్," అన్నాడు విక్రమ్. "గని గుర్రం ఎందుకాగింది?"

"ఏంటి నాయనా ఆ ప్రశ్న? గుర్రమన్నాక దానికీ ఒక మూడ్ ఉంటుంది."

యశస్విని లేచింది. "మూడ్ గాదు సార్. మీరు అరిచిన్రు. క్లబ్బోల్లు మా నాయినను తిట్టిన్రు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రఘురామ్ గారు మార్కర్ మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు.

"అవునమ్మా, అరిచాను," అన్నారు. వెంటనే బోర్డు వైపు తిరిగారు. "రాసుకోండి. తొమ్మిదో పాయింటు, ఫోటోగ్రాఫరు నోరు మూసుకోవాలి. పదోది, గుర్రం చెవులు చూడాలి."

"పదోదాని పక్కన మా నాయిన పేరు రాయుండ్రి సార్."

రాశారు, కాస్త చిన్న అక్షరాలతో. అచ్చు నోట్సులో మాత్రం ఆ పేరుకు చోటు చాల్లేదట. ఆ ఫోటో ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ ఫ్లెక్సీ మీద ఉంది, కింద 'స్వానుభవంతో బోధన' అని. ఆ ఫ్లెక్సీ చూసి చేరినవాళ్ల కోసం సాయంత్రం బ్యాచ్ కూడా పెట్టారు.

రఘురామ్ గారు రోజుకు మూడు బ్యాచ్‌లు చెబుతున్నారు. రెండో గుర్రం ఫోటో ఇంకా తీయలేదు.