మిట్టమధ్యాహ్నం లిఫ్టు

విజయశ్రీ గొంతు ఎట్లుంటదో దిల్‌సుఖ్‌నగర్ డిపో బస్సెక్కినోళ్ళను అడగాలె. ఇంజిను రొదల గూడ ఆఖరి సీటు దాంక వినొస్తది. "జర లోపలికి జరుగుండ్రి, లోపల క్రికెట్ ఆడుకునేంత జాగ ఉన్నది" అన్నదంటే నిలబడ్డోళ్ళు నవ్వుకుంటనే జరుగుతరు. కండక్టర్ కొలువు అంటే ఆమెకు కొలువు కాదు, పండుగ. నల్గొండ దిక్కు మనిషి. మొగుడు లింగస్వామి స్కూలు వ్యాన్ నడుపుతడు. ఇద్దరు రెక్కలు ముక్కలు చేసుకొని కొత్తపేట గల్లీల ఒక అపార్ట్‌మెంటుల, నాలుగో అంతస్తుల ఫ్లాటు కొనుక్కున్నరు. లింగస్వామి తల్లి లచ్చమ్మ గూడ వాళ్ళతోటే ఉంటది.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటరు. ఎవరన్నరో గానీ వాళ్ళకు లచ్చమ్మ తెల్వదు. ఈ అత్తాకోడండ్లు పొద్దుగాల చాయ్ కాడ తిట్టుకుంటరు, పొద్దుగూకినంక ఒకరికొకరు వడ్డించుకొని తింటరు. లచ్చమ్మకు మోకాళ్ళు పోయినయ్ గానీ నోరు పోలే. పొద్దెక్కంగనే లిఫ్టుల కిందికి దిగి, గేటు కాడ కుర్చీ ఏసుకొని, కూరగాయల బండామెతోటి వంకాయల కాడ కొట్లాడి, వచ్చేటోళ్ళను పోయేటోళ్ళను పలుకరిచ్చి, బువ్వ యాళ్ళకు పైకొచ్చేది. ఆమె బతుకుల సగం సంబురం గేటు కాడనే ఉండె.

మరి గండం ఏడికెళ్ళి వచ్చింది? కరెంటు బిల్లు కాడికెళ్ళి. లిఫ్టు, నీళ్ళ మోటరు, మెట్ల లైట్లు, అన్నింటికి కలిపి ఒక ఉమ్మడి మీటరు ఉంటది గదా, ఎండాకాలం రాంగనే దాని బిల్లు నెత్తికెక్కి కూసుంటుండె. కమిటీ మీటింగు పెట్టింది. పగటిపూట అందరు ఆఫీసులల్లనే ఉంటరు, కాబట్టి పొద్దంత లిఫ్టు బంద్ పెడ్దామన్నరు. చేతులెత్తిన్రు, లేచిపోయిన్రు. పొద్దంత ఇంట్ల ఉండే ముసలోళ్ళ సంగతేందని ఒక్కరన్న అడిగిన్రా? అడగలే! విజయశ్రీ ఆ దినం డ్యూటీల ఉండె. మీటింగుల ఉంటే తెలుస్తుండె వాళ్ళకు.

కొన్నాళ్ళు లచ్చమ్మ బాల్కనీ జాలీ నుంచే కిందికి కేకలేసింది. మెడ ఎత్తి ఎత్తి కూరగాయలామెకు నొప్పి పుట్టి, ఆమె గూడ ఆ గేటు కాడ ఆగుడు మానేసింది. ఇగ ఒకనాడు లచ్చమ్మకు రోషమొచ్చింది. గోడ పట్టుకొని మెట్ల మీద బయలెల్లింది. రెండో అంతస్తు మలుపు కాడ మోకాళ్ళు మొరాయించినయ్. కిందికి పోలేదు, మీదికి రాలేదు. కోడలు డ్యూటీ దిగి వచ్చేదాంక గాడనే కూసున్నది. విజయశ్రీని చూడంగనే ఏడ్వలే. "ఏందే, నన్ను జైల్ల ఏసిన్రా? చేసిన తప్పేందో చెప్పుండ్రి, తెలుసుకుంట" అన్నది.

విజయశ్రీ అత్త పక్కన మెట్టు మీదనే కూలబడ్డది. "అత్తమ్మా, నిన్ను పట్టపగలు లిఫ్టుల దించకపోతే అడుగు" అన్నది. అనుడైతే అన్నది గానీ, ఎట్లనో ఆమెకే తెల్వదు.

తొవ్వ బస్సులనే దొరికింది. మీర్‌పేట్ కాడ ఎక్కే టీచరమ్మ ఒకామె మాటల మాట చెప్పింది. "మా దాంట్ల లిఫ్టు, మోటరు సోలార్ మీదనే నడుస్తయమ్మా. పగలు ఎండ కరెంటిస్తది, ఎక్కువైతే లైనుకు పోతది, గంత మేర బిల్లుల తగ్గిస్తరు. ఇప్పుడు బిల్లు చూస్తే నవ్వొస్తది." విజయశ్రీ టికెట్ మిషన్ చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డది. ఎండ! నెత్తి మాడ్చుడు తప్ప ఇంకో పని తెల్వదనుకున్న ఎండ! సెలవు రోజు రాంగనే మీర్‌పేట్ పోయింది. వాళ్ళ డాబా ఎక్కి, సోలార్ పలకలు తాకి చెయ్యి కాల్చుకొని, మీటరు చూసి, అడిగిందే అడిగి వాచ్‌మన్ ప్రాణం తీసి, ఇంటికొచ్చింది. వచ్చేసరికి మొకం దివిటీ లెక్క వెలిగిపోతున్నది.

ఇగ చూడుండ్రి తమాషా! డ్యూటీ దిగుడు, డ్రెస్సన్న మార్చకుండ గడప గడప ఎక్కుడు. సీటుల కూసున్నోళ్ళతోటి కండక్టరుకు పరేషాన్ లేదు, మెట్టు మీద వేలాడేటోళ్ళను లోపలికి జరపాలె, అప్పుడే బండి కదులుతది. అపార్ట్‌మెంటుల గూడ గంతే. "మంచిదమ్మా" అన్నోళ్ళను వదిలిపెట్టి, "చూద్దాం లే" అన్నోళ్ళ ఇంట్ల కూసున్నది. చాయ్ ఇచ్చేదాంక లేవలే, చాయ్ తాగినంక గూడ లేవలే. ఎవరెంత ఎయ్యాలె, సబ్సిడీ ఎంతొస్తది, గా లొల్లంత మీకెందుకు, మస్తు అయింది, ఆఖరికి తేలింది. అందరు ఊఁ అన్నరు.

అందరికన్న ముందు ఊఁ అన్నది కమిటీ సెక్రటరీ బాపిరాజు. భీమవరం వైపు మనిషి, ఇన్సూరెన్సు ఆఫీసుల రిటైరయ్యిండు, మూడో అంతస్తుల ఉంటడు. "ఆనాడు మీ అత్తగారి సంగతి మాకెవరికీ తట్టలేదండీ, తప్పే. ఇది మంచి పని, చేసేద్దాం" అన్నడు. విజయశ్రీకి కడుపుల సల్ల పోసినట్టయింది.

సోలార్ పెట్టే ప్రసన్నకుమార్ వచ్చిండు. డాబా మీద అటు తిరిగి ఇటు తిరిగి, ఎండ ఏడికెళ్ళి ఏడికి పోతదో చూసిండు. ఒక దిక్కు పక్క బిల్డింగు నీడ. ఇంకో దిక్కు నీళ్ళ ట్యాంకు నీడ. ఆ ట్యాంకేమో నైరుతి మూలకు, మెట్ల గది మీద, కోట బురుజు లెక్క నిలబడ్డది. పొద్దు వాలిందంటే సగం డాబాను మింగుతది. "నీడ పడని జాగ గీ మూల ఒక్కటేనమ్మా" అని చాక్‌పీసుతోటి గీత గీసిండు.

అది ఈశాన్యం మూల.

బాపిరాజు మొకం మాడిపోయింది. "అదేంటండీ! ఈశాన్యం మీద ఇనుమా? అంత బరువా? ఈశాన్యం ఖాళీగా, పల్లంగా ఉండాలి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. ట్యాంకు అక్కడ పెట్టిందే అందుకు కదండీ. సోలార్‌కి నేను కాదనను, ఈశాన్యానికి మాత్రం ఒప్పుకోను."

వాస్తు అనే మాట ఒక్కటి పడ్డది, గంతే! తెరిచిన తలుపులన్నీ టపటప మూసుకున్నయ్. ఒకరి ఇంట్ల పెండ్లి ఉన్నదట, ఇంకొకరి పిల్లకు పరీక్షలున్నయట, ఈ యేడు ఒద్దట. ఆంధ్రోళ్ళని లేదు, తెలంగాణోళ్ళని లేదు, ఈశాన్యం కాడ అందరొక్కటే! పోనీ ఇంట్లన్న సాయం దొరుకుతదనుకుంటే, లచ్చమ్మ చెంపలేసుకున్నది. "ఈశాన్నెం మూలకు బరువు పెడ్తవానే? ఇంటికి అరిష్టం తెస్తవా? నాకు లిఫ్టొద్దు, ఏమొద్దు. ఈడనే పడుంట."

ఎవరి కోసం ఇంత తండ్లాడుతున్నదో ఆమెనే అడ్డం పడె! విజయశ్రీకి ఏడ్పొచ్చింది. ఏడ్పొస్తే ఊకునే మనిషా? తెల్లారి మధ్యాహ్నం చరచర మెట్లు దిగి బాపిరాజు ఇంటి బెల్లు కొట్టింది.

"సార్, మీ వాస్తు ట్యాంకే ఎండకు అడ్డం నిలబడ్డది. ఆ నీడ లేకుంటే ఈశాన్యం జోలికి పోయేదే లేదు. దాన్ని జరుపుదాం."

"నైరుతిలో ట్యాంకు జరపడమా? నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమనండి, అంతకన్నా నయం."

"మరి మా అత్తమ్మను ఏం చెయ్యమంటరు?"

"ఆవిడ్ని నేను మాత్రం కట్టిపడేశానాండీ?"

గొంతులు లేస్తున్నయ్. గంతలనే వంటింట్లకెళ్ళి "అమ్మో!" అని కేక. బాపిరాజు భార్య నాగేశ్వరి చెయ్యి విదిలించుకుంట ఉరికొచ్చింది. "పంపు తిప్పితే చాలు, సలసలా మరిగే నీళ్ళు! చెయ్యి కాలిపోయింది. మీ ఈశాన్యం, నైరుతి తర్వాత చూసుకోండి, ముందు ఆ ట్యాంకు మీద కాస్త నీడ వేయించండి బాబూ."

విజయశ్రీ గిర్రున ఆమె దిక్కు తిరిగింది.

"అక్కా, ఏమన్నవ్?"

"నీడ వేయించమన్నాను. తప్పేముంది?"

"సార్!" విజయశ్రీ అరిచింది. గా అరుపుకు పై అంతస్తుల లచ్చమ్మ గూడ ఉలిక్కిపడ్డదట. "పలకలు ట్యాంకు పక్కన ఎందుకు? ట్యాంకు నెత్తి మీదనే పందిరి లెక్క ఏస్తే? దాని మీద ఏ నీడ పడదు! నీళ్ళకు నీడైతది!"

బాపిరాజు కండ్లద్దాలు తీసి చేతుల పట్టుకున్నడు. "అప్పుడు నైరుతి ఇంకా ఎత్తవుతుంది..."

"బరువు గూడ పెరుగుతది సార్!"

"పెరుగుతుందండీ! ఈశాన్యం?"

"ఖాళీ! మీరు సాయంత్రం పూట వాకింగ్ చేసుకోవచ్చు!"

"భలే! భలే భలే!" పెద్దమనిషి చిన్నపిల్లగాని లెక్క చప్పట్లు కొట్టిండు. చెప్పులన్న ఏసుకోకుండ ముగ్గురు డాబా మీదికి ఉరికిన్రు. మిట్టమధ్యాహ్నం, కింద కాళ్ళు కాలుతున్నయ్. ఒక కాలు మార్చి ఒక కాలు ఎగురుకుంటనే ట్యాంకును చూసి నవ్వుడు!

ప్రసన్నకుమార్ మొదట తల గోక్కున్నడు. ఇంజనీరును తెచ్చి చూపిచ్చిండు. బిల్డింగు పిల్లర్ల మీదనే కాళ్ళు దింపి, గాలివానకు తట్టుకునేటట్టు బిగిస్తే బేఫికర్ అని ఆయన రాసిచ్చిండు. ఇగ బాపిరాజును ఎవరాపుతరు? మూసుకున్న ప్రతి తలుపు కొట్టి, "నైరుతి బలపడుతోందండీ, అదృష్టం!" అని ఆయనే ఒప్పిచ్చిండు. లచ్చమ్మ గూడ మెత్తబడ్డది. ట్యాంకు మీద పందిరి లేచింది. ముచ్చట పక్క గల్లీలకు, ఆడికెళ్ళి గడ్డిఅన్నారం దాంక పాకింది. ఆదివారం వచ్చిందంటే పొరుగు అపార్ట్‌మెంటులోళ్ళు గుంపులు గుంపులుగ డాబా చూడనీకి వచ్చుడు, విజయశ్రీ వాళ్ళకు బస్సుల లెక్కనే కేకలేసుకుంట అన్ని వివరిచ్చుడు. వాళ్ళందరు కలిసి ఒక సంఘమే పెట్టుకున్నరు. ఒకరు దరఖాస్తుల కాడ ఆగితే ఇంకొకరు తొవ్వ చూపెట్టాలె అని మాట అనుకున్నరు.

స్విచ్చి ఏసే రోజు రానే వచ్చింది. ఆ రోజే విజయశ్రీకి డ్యూటీ. మార్చుకుందామంటే ఎవరు దొరకలే. కోఠి నుంచి వస్తున్నది గానీ మనసు బస్సుల లేదు. ఒకరికి చిల్లర రెండుసార్లిచ్చింది. మూసారాంబాగ్ దాటినంక ఫోన్ మోగింది. బాపిరాజు.

"ఎక్కడున్నారండీ?"

"దిల్‌సుఖ్‌నగర్ వస్తున్న సార్. లిఫ్టు నడిచిందా?"

"మీరు రండి ముందు" అని టక్కున పెట్టేసిండు.

లిఫ్టు నడవలేదేమో! నడిస్తే చెప్పకపోవునా? అత్తమ్మ లిఫ్టుల ఇరుక్కున్నదేమో! మళ్ళ చేస్తే ఎత్తుతలేడు. చైతన్యపురి సిగ్నల్ ఎంతకూ వదలదాయె. డ్రైవర్ సైదులును రెండుసార్లు కసిరింది, ఆయనేం చేస్తడు పాపం.

కొత్తపేట స్టాపుల బస్సాగింది. ఎండల, జనం నడుమ, నాగేశ్వరి భుజం పట్టుకొని ఒక ముసలామె నిలబడ్డది. కొత్త చీర కట్టింది. బస్సాగినా నమ్మకం లేనట్టు ఇంకా చెయ్యి ఊపుతనే ఉన్నది.

"అత్తమ్మా!"

సైదులు ఇంజిను ఆపిండు. బస్సుల ఉన్న ఇద్దరు ఆడపిల్లలు చేతులిచ్చి లచ్చమ్మను మెల్లగ ఎక్కిచ్చిన్రు, ముందటి సీటుల కూసోబెట్టిన్రు. విజయశ్రీ టికెట్ మిషన్ పట్టుకొని దగ్గరికి పోయి, ఏమనాల్నో తెల్వక, రోజు అనేదే అన్నది.

"ఏడికి పోవాలెనమ్మా?"

"నువ్వు ఏడిదాంక పోతే ఆడిదాంక." లచ్చమ్మ కొంగుముడి విప్పి, ఆడోళ్ళ ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు తీసి చూపెట్టింది. కోడలును నెత్తి నుంచి కాళ్ళ దాంక చూసింది, ఖాకీ డ్రెస్సును, మెడల ఏలాడే సంచిని. "ఇన్నేండ్లయె, నువ్వు కొలువు చేస్తుంటే ఒక్కనాడన్న చూడలే. ఇయాల చూస్త. నీ పని నువ్వు చేసుకో."

విజయశ్రీ జీరో టికెట్ కొట్టి అత్త చేతుల పెట్టింది. కండ్లు తుడుచుకున్నది. బస్సంత వినేటట్టు "రైట్" అన్నది.