ఒక్క మేకు మీద పటం

మా అమ్మాయి బెంగళూరులో ఏదో ఎగ్జిబిషన్‌కు పోయి ఒక పెయింటింగ్ కొనుక్కొచ్చింది. ఉద్యోగంలో చేరాక తనకంటూ కొనుక్కున్న మొదటి వస్తువు అది. అట్ట విప్పి చూద్దును కదా, సైనైడ్ గుట్టలు! బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండిని పోసి పోసి పెంచిన ఆ బూడిదరంగు గుట్టలు, మా కేజీఎఫ్‌లో ఏ మిద్దె ఎక్కినా కనబడేవే.

"మిద్దె మీదికి పోతే ఊరికే కనిపిస్తాయి గదే, దుడ్డిచ్చి కొన్నావా?" అన్నాను.

"కొన్నాళ్లు చూడు, అప్పుడు తెలుస్తాది" అంది.

చూశాను. నిజం చెప్పాలి, బాగుంది. గుట్ట అంచున సన్నగా సాయంత్రపు ఎరుపు. చిన్నప్పటి నుంచీ నా కళ్ల ముందున్న ఎరుపే, ఎన్నడూ నిలబడి చూసిన పాపాన పోలేదు. ఆ మాట అంటే నెత్తికెక్కుతుందని అనలేదు.

ఎక్కడ తగిలించాలన్నది పెద్ద రభస. కంటి ఎత్తులో ఉండాలట. ఎవరి కంటికి? మా ఆయన సుగటూరు రైతుబిడ్డ, గుమ్మంలో తల వంచి నడిచే మనిషి. నేనేమో ఆయన భుజానికి కూడా అందను. చివరికి కొన్నదాని మాటే నెగ్గింది. వీధి తలుపుకు ఎదురుగా, దాని కంటి ఎత్తులో, ఒక్క మేకు కొట్టి తగిలించాం.

మా ఇల్లు బంగారుపేట రోడ్డు మీద. కంకర టిప్పర్లు పోతే గోడలు అదురుతాయి. మర్నాడు అమ్మాయి రోజూలాగే ఆఫీసుకని బెంగళూరు రైలెక్కాక టీ గ్లాసుతో హాల్లోకి వస్తే, పటం ఎడమకు వాలి ఉంది. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు, ఫోను చేశాను.

"యాడున్నావే?"

"రైల్లో అమ్మా. ఇంగ యాడుంటాను?"

అది మొదలు, పటం వాలితే చాలు, ఫోను. టిఫిను తిన్నావా అని. ఎండాకాలంలో గొడుగు తీసుకుపోయినావా అని. ఒకరోజు అమ్మాయికి ఒళ్లు మండింది.

"ఆఫీసులో అందరూ నగుతా ఉండారమ్మా. ఇట్లే చేస్తే ఆడనే పీజీ హాస్టల్లో చేరిపోతాను. ఆదివారం వచ్చి చూసిపోతాను."

అన్నంత పనీ చేసే పిల్ల. అది లేని రాత్రి భోజనం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

దానికి తెలియనిది ఒకటుంది. నేను పుట్టింది గని కార్మికుల లైన్లలో. మా నాన్న భూమి కింద పనిచేసేవాడు. ఇళ్లకు వెదురు తట్టి గోడలు, తడికల్లాంటివి, మేకు దిగదు. దూలానికి పురికొస కట్టి వెంకటేశ్వరస్వామి పటం వేలాడదీసేవాళ్లం. గనిలో లోతున బరువుకు రాయి దానంతటదే పేలితే పైన నేల అదిరేది. ఒక్కోసారి ఆ అదురు మనకు తెలిసేది కాదు, పటానికి తెలిసేది. అది వాలి కనబడిందా, అమ్మ పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టే వదిలి వాకిట్లోకి వచ్చేది. పక్కింటి క్రైస్తవుల ఆవిడ అప్పటికే బయట నిలబడి ఉండేది.

"అక్కా, మీ పటం వాలిందా?"

"మా ఏసయ్య కూడా పక్కకు జరిగినాడమ్మా."

రెండిళ్లలోనూ వాలితే ఇద్దరూ గని దిక్కు పరుగు. ఒక్క ఇంట్లోనే వాలితే పిల్లి పని అని తిట్టుకుని లోపలికి.

గనులు మూతపడి ఏళ్లయింది. నాన్న ఇంట్లో, మంచం మీద, మా అందరి మధ్యే పోయాడు. అయినా ఆ సంగతి నా కాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"టిప్పరుకు పటం వాలితే రైల్లో ఉండే పిల్లకేమైతాదే? అడుగున ఇంగ రెండు మేకులు కొడితే పోయె" అని మా ఆయన ఫ్రేము అడుగున రెండు మేకులు దిగ్గొట్టాడు.

పటం బిగిసింది. నాకు ఊపిరి బిగిసింది. టిప్పర్లు పోతున్నాయి, గోడ అదురుతోంది, పటం మాత్రం కదలదు. అంతా బాగుండి కదలలేదా, మేకులుండి కదలలేదా? కూర్చోలేను, నిలబడలేను. చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. మధ్యాహ్నం పట్కారు తెచ్చి ఆ రెండు మేకులూ పీకేశాను.

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది. నీకేమి?"

ఫోను మాత్రం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. వాలితే సరిచేస్తాను. వాకిట్లోకి పోయి రోడ్డు చూసి వస్తాను. మళ్లీ వాలుతుంది, మళ్లీ సరిచేస్తాను. సాయంత్రం రైలు వేళకు ఇంకోసారి.

మొన్న అమ్మాయి వచ్చి చెప్పులు విడుస్తూ పటం వైపు చూసింది.

"చూడమ్మా, ఇన్ని టిప్పర్లు పోయినా రవ్వంత కదల్లేదు. నువ్వే ఊరికే బెదిరిపోయినావు."

మా నాన్నా అంతే. షిఫ్టు దిగి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ లోపలికి తొంగి చూసేవాడు. "మనింట్లో సామి ఎప్పుడు చూసినా నేరుగానే ఉంటాడు. ఇంగ నాకేమైతాది?" అనేవాడు. ఆ ధైర్యంతోనే మర్నాడు మళ్లీ కిందికి దిగేవాడు. ఆయన వచ్చేలోపు పటం సరిచేసి పెట్టింది ఎవరో ఆయనకు తెలియదు. అమ్మ కంచం పెట్టి అన్నం వడ్డించేది.

"అవునే, బెదిరిపోయినాను. చెయ్యి కడుక్కోని రా, అన్నం పెడతాను" అన్నాను.