అన్న జుట్టుకు నేను మొక్కిన మొక్కు

అమ్మ అప్పటికే అన్న ముంగట మోకాళ్ల మీద కూసోని, కొంగు నెత్తిమీదికి గుంజుకొని అడుగుతున్నది: "ఏ దేవునివయ్యా నువ్వు? ఎందుకొచ్చినవ్? ఏం గావాలె?" అన్నేమో కళ్లు మూసుకొని, నడుముదాకున్న జుట్టు ముంగటికీ ఎనుకకూ ఎగరేసుకుంట మైకుల గుర్రుమంటనే ఉన్నడు.

గప్పుడు మేం తాండూర్ల ఉండేది, నాకు పద్దెనిమిదేండ్లు. అన్న బండల పాలిష్ షెడ్డుల పనిచేసేటోడు. పొద్దంత రాళ్లు కోసే మిషన్ల చప్పుడు విని విని గా చప్పుడుకే మనసిచ్చినట్టుండు (లేకుంటే గొంతు చించుకునే మెటల్ పాటలు ఎవలికి నచ్చుతయ్?). ఐతారం మిషన్లు బందుంటే దోస్తులతోని గదే షెడ్డుల గిటార్లు, డ్రమ్ములు పెట్టి ప్రాక్టీసు. టీషర్టు మీద పుర్రె బొమ్మ, మెడల మల్లన్న తాయెత్తు. డ్రమ్ములకు పసుపు బొట్టు పెట్టనిదే పాట షురూ చెయ్యకపోతుండె. "మోగేదాంట్ల దేవుడుంటడు చెల్లె" అనేటోడు. నాకైతే అన్నను మించిన హీరో లేడు.

తప్పంత నాదే. ఏడాది కింద అమ్మ కత్తెర పట్టుకొని "గీ జడలేందిరా, నీకు పిల్లనెవడిస్తడు?" అని ఎంటబడితే, అన్న ఇంట్ల లేనప్పుడు నోటికొచ్చింది అనేసిన: "ముట్టకమ్మా! మల్లన్నకు మొక్కుకున్నడు!" మొక్కు అన్నంక ఒకరోజు తీర్చాలె గదా, గది నాకు తట్టలే (పది తప్పిన తెలివి, ఏం జేస్తం). వికారాబాద్‌ల అన్నోళ్ల మొదటి ప్రోగ్రాం ఇంక వారముందనంగ, "రేపు గుడికి పోయి ఎంటికలిద్దాం" అని చెప్పనీకి అమ్మ షెడ్డుకొచ్చింది. అన్న ఊగుడు చూసి దేవుడు పూని శిగమొచ్చిందనుకొని గక్కడ్నే కూలబడ్డది.

గాడ్నే పాట వింటున్న నేను ఉరికి అన్న చెవుల చెప్పిన, "జుట్టు ముట్టొద్దని గిదే గొంతుతోని చెప్పు అన్నా! నమ్ముతది!"

ఒక్క గుర్రు గుర్రంటే అయిపోయేది. అన్న మైకు బంద్ చేసి అమ్మను లేవట్టిండు. "శిగం కాదమ్మా, గిది నా పాట. దేవుని పేరు మీద ఏషాలెయ్య."

"మరి మొక్కు?"

అన్న నా మొఖం చూసిండు. అంతా అర్థమైనట్టుంది. నన్ను పట్టియ్యలే. "దేవునికి మాటిచ్చినట్టయింది గదమ్మా, ఎంటికలిస్త" అన్నడు. డ్రమ్ములాయన నెత్తి పట్టుకున్నడు: "గుండుతోని మెటలా? భజన అనుకుంటర్రా!"

ఇన్నేండ్లకు ఇప్పుడు జడ అల్లుకుంటుంటే అప్పటి నేను, గా పద్దెనిమిదేండ్ల పిల్ల, యాదికొస్తది. ఎంత తొందర నోరుండె దానికి! మళ్ల గంత ధైర్యం నాకు యాడికెల్లి రావాలె?

తెల్లారి గుడికాడ, మంగలాయన జుట్టు తడిపేలోపు అన్నను పక్కకు దొబ్బి నేను కూసున్న. "మొక్కింది నేనమ్మా, అన్నకు తెల్వనే తెల్వదు." అమ్మ కోపం మింగి, "ఆడివిల్లవు బిడ్డా, మూడు కత్తెర్లిస్తే సాలు" అన్నది. "అన్న జుట్టు నడుముదాకుంది, దానికి బదులు మూడు కత్తెర్లకు మల్లన్న ఒప్పుకుంటడా?" అని అడిగిన. మొత్తం ఇచ్చిన. అన్న ఏడ్సుకుంటనే నవ్వి, తన నల్ల రుమాలు నా గుండుకు కట్టిండు. గుడి డోలు మోగుతున్నది. ఎగరనీకి ఒక్క ఎంటిక లేకున్నా, అన్న లెక్కనే కళ్లు మూసుకొని నెత్తి ముంగటికీ ఎనుకకూ ఊపిన.