వంశధార వంతెన దగ్గర గొలుసుల చప్పుడు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వులాటే. నేను లెక్కల టీచర్ని. మా స్కూలు నౌపడ ఉప్పుమళ్ల పక్కన ఉంటుంది. సాయంత్రమైతే మళ్లలో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు భయపడితే, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, పాత షెడ్డు రేకులు గాలికి మోగుతున్నాయని చూపించి వచ్చినదాన్ని. అలాంటి నేను ఇది రాయడం నాకే మొహమాటంగా ఉంది. కానీ అత్త కూడా పోయాక ఇది పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

మా ఆయన మా మేనత్త కొడుకు. పెళ్లయ్యాక కూడా బావ అనే పిలిచేదాన్ని. పెళ్లికి ముందునుంచే ఆయన హిమాచల్‌లో ఒక కొండ ఊళ్లో, హోటలు నడిపే పెద్దమనిషి దగ్గర డ్రైవరు. నడిపేది పెద్ద సెడాన్ కారు. ఇంజను బలం బాగా ఎక్కువ. ఆ బలమంతా వెనక చక్రాలకే పోతుంది. అలాంటి కారు మంచులో నడపాలంటే అక్కడివాళ్లే జంకుతారట. యాక్సిలరేటరు మీద కాలు కాస్త గట్టిగా పడిందా, బండి తోక తిప్పేస్తుంది.

బావ చలికాలమంతా రోజూ ఆ కారులోనే అతిథుల్ని కొండ ఎక్కించి దింపేవాడు. వెనక బరువుంటే చక్రాలకు పట్టు దొరుకుతుందని డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకునేవాడు. మంచు మరీ ఎక్కువ పడితే వెనక టైర్లకు ఇనప గొలుసులు చుట్టేవాడు. ఒకసారి ఫోన్లో వీడియో పంపాడు. తెల్లటి రోడ్డు, నల్ల కారు, దాని కింద గొలుసులు ఒకే లయలో ఝల్లుఝల్లుమంటున్నాయి. ఎడ్లబండి వస్తున్నట్టుందని నేను నవ్వాను.

అత్తకి ఆ మంచు సంగతి ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. ఆమె ఎరిగిన మంచు మన పుష్యమాసం పొగమంచు.

"ఆ మంచూ మన మంచూ ఒకటేనేటిరా?" అని ఫోన్లో అడిగేది.

"కాదమ్మా, మనది పొగ. ఇక్కడిది బియ్యప్పిండి జల్లించినట్టు రాల్తాది. పిడికిట్లో పట్టుకోవచ్చు," అనేవాడు బావ. అత్త ఫోను నా చేతికిచ్చి, "ఈడు నన్ను పిచ్చిదాన్ని సేస్తన్నాడు," అని నవ్వుకుంటూ లోపలికి పోయేది.

అత్తవాళ్లది ఉద్దానం వైపు ఊరు. ఆ వైపు కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బావ అన్నేళ్లు కొండల్లో ఉన్నాడు కదా, తప్పించుకున్నాడనుకున్నాం. తప్పించుకోలేదు. కాళ్లు వాచి, తిండి సయించక పరీక్షలు చేయించుకుంటే అప్పటికే బాగా ముదిరిపోయింది. ఆ సమయానికే యజమాని ఎత్తుగా ఉండే కొత్త బండి కొనుక్కుని, పాత కారుని ఇన్నేళ్లు నడిపినవాడివని బావకే ఇచ్చేశాడు. ఆ జబ్బు ఒంటితోనే బావ దాన్ని ఆగుతూ ఆగుతూ నరసన్నపేట దాకా తెచ్చుకున్నాడు. గొలుసులు మాత్రం అక్కడే వదిలేశాడు. మన ఊళ్లో వాటితో పనేముందన్నాడు.

డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆయనే నడిపినా, వచ్చేటప్పుడు స్టీరింగు పట్టుకునే ఓపిక ఉండేది కాదు. అలా నేను డ్రైవింగు నేర్చుకున్నాను. మొదట నౌపడ ఉప్పుమళ్ల మధ్య మట్టిరోడ్డు మీద, వానాకాలంలో, జారే బురదలో నేర్పాడు. పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చునే చెప్పేవాడు.

"తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పాలి. భయమేసిందని బ్రేకు తొక్కీకు. కాలు తీసీ, అదే సర్దుకుంటాది."

బండి పక్కకి జారినప్పుడల్లా నేను అరిచేదాన్ని, ఆయన నవ్వేవాడు. ఆ రోజుల్లో మేము బాగా నవ్విన చోటు ఆ బురదే. చలికాలం వచ్చేసరికి తెల్లవారుజామున హైవే మీద నేనే నడిపేదాన్ని. ముందున్నది ఏదీ కనబడని పొగమంచులో, అక్కడి రోడ్ల గురించి చెబుతూ చెబుతూ నిద్రలోకి జారుకునేవాడు.

బావ వానాకాలంలో పోయాడు. ఆస్పత్రిలోనే, మంచం మీద. అప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. అంతకన్నా దాని గురించి రాయలేను.

కారు అమ్మెయ్యమని అందరూ అన్నారు. ఒక్క మనిషికి అంత పెద్ద బండి దేనికని. నేను అమ్మలేదు. రోజూ నరసన్నపేట నుంచి నౌపడకు దాంట్లోనే వెళ్లొచ్చేదాన్ని. పక్క సీటు ఆయన వెనక్కి వాల్చుకున్నట్టే ఉండేది.

మరుసటి ఏడు అత్తకి అదే జబ్బు బయటపడింది. డాక్టరు డయాలసిస్ మొదలుపెట్టాలన్నాడు. అత్త ససేమిరా అంది. తిట్టాను, బతిమాలాను, ఒకరోజు అన్నం మానేశాను. లాభం లేకపోయింది.

"ఒక్కగానొక్క కొడుకుని ఆ మిసన్‌కి ఒప్పసెప్పినాను. సాల్దేటే? నన్ను ఇంటికాడే పోనీ," అంది. ఆ తర్వాత దాని గురించి మాట్లాడటమే మానేసింది.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున ఆమెకి ఊపిరాడలేదు. మొహం, చేతులు ఉబ్బిపోయాయి. వాదన వినే పరిస్థితి కాదది. ఎత్తుకున్నట్టే తీసుకెళ్లి వెనక సీట్లో దిండు ఆన్చి కూర్చోబెట్టి శ్రీకాకుళం బయలుదేరాను.

అప్పుడే తెల్లవారుతోంది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే బానెట్టు చివర కూడా సరిగ్గా కనిపించడం లేదు. నెమ్మదిగా పోవాలని నాకూ తెలుసు. కానీ వెనక ఆమె ఊపిరి గురకలా వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటూ నెమ్మదిగా పోవడం నా వల్ల కాలేదు. బావతో అన్నిసార్లు నడిపిన రోడ్డే కదా అని వేగం పెంచేశాను.

"తిప్పీయే. బండి ఇంటికి తిప్పీ. నీకు దండం పెడతాను," అంటోంది అత్త.

మడపాం దాటి వంశధార వంతెన దగ్గరికి వస్తుండగా కారు కింద చప్పుడు మొదలైంది.

ఝల్లు, ఝల్లు, ఝల్లు. ఇనుము రోడ్డుకి కొట్టుకుంటున్న చప్పుడు. చక్రం తిరిగినప్పుడల్లా ఒకే లయలో వస్తోంది. సైలెన్సరు ఊడి ఈడ్చుకుపోతోందనుకున్నాను. మరుక్షణం ఆ చప్పుడు ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. కాలు దానంతటదే యాక్సిలరేటరు మీదనుంచి లేచిపోయింది.

బండి వేగం తగ్గుతూ ఉండగా వెనక భాగం ఎడమకి జారింది. అచ్చం ఉప్పుమళ్ల బురదలో జారినట్టే. కానీ అది హైవే. తడి ఉంటే ఆ మంచు తడే ఉండాలి. నా చేతులు స్టీరింగుని ఎడమకి తిప్పాయి. బ్రేకు తొక్కలేదు. కారు ఒకసారి ఊగి, సర్దుకుని, రోడ్డు అంచుకి పోయి మెల్లగా ఆగింది. చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు కనిపించింది. మా ముందు, నాలుగు బారల దూరం కూడా లేదు, ఒక లారీ వెనక భాగం. చెడిపోయి, రోడ్డుకి అడ్డంగా, ఒక్క లైటు కూడా లేకుండా నిలబడి ఉంది.

రోడ్డు పక్కనుంచి నడివయసు లారీ డ్రైవరు చేతిలో చెట్టుకొమ్మతో వచ్చాడు. వచ్చే బండ్లకు తెలియడానికి కొమ్మలు పెడుతున్నాడట. అతను అడిగిన మొదటి మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఏటమ్మా, బండి కింద గొలుసులు ఈడ్సుకొని వస్తన్నావా? ఆ సప్పుడు ఇనబట్టే పక్కకి దూకినాను. లేపోతే నన్ను గుద్దీసుందువు."

అంటే అది విన్నది నేనొక్కదాన్నే కాదు.

అతను సెల్‌ఫోను లైటు వేసి కారు కిందకి వంగి చూశాడు. వేలాడేది ఏమీ లేదు. కానీ వెనక ఎడమ చక్రం పైన, మడ్‌గార్డు లోపల, తెల్లగా ఏదో అతుక్కుని ఉంది. వేలితో గీరి, "ఇదేటిది, ఐసా?" అన్నాడు. నేను కూడా చేయి పెట్టాను. పిండిలా మెత్తగా ఉంది. వేళ్లు కొరికేసేంత చల్లగా ఉంది. పిడికిలి బిగిస్తే ఉండ అయింది.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. నాలుగడుగులు వెయ్యలేని మనిషి, తలుపు పట్టుకుని కిందకి దిగి నిలబడింది.

"ఇలాగియ్యి," అంది.

ఆ ఉండని ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్లు మూసింది. నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నా చెయ్యి తెరవలేదు. ఆఖరికి నావైపు చూసి అడిగింది.

"ఇంత సలిలోనేటే, నా కొడుకు అన్నేళ్లు పని సేసినాడు?"

లారీ డ్రైవరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అత్త కొంగుతో చెయ్యి తుడుచుకోలేదు. తడి చేత్తోనే మొహం రాసుకుని, మళ్లీ సీట్లో కూర్చుని, "పద. ఆస్పత్రికి పద," అంది.

ఆ రోజే ఆమెకి డయాలసిస్ చేశారు. సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి కూడా పట్టుకోలేదు. ఆ తర్వాత ఒక్క వారం కూడా రానని అనలేదు.

ఇక నేను టీచర్ని కదా, ఊరుకోలేదు. కారుని మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లి జాకీ ఎక్కించి చూపించాను. వదులైన రేకు గానీ, ఊడిన బోల్టు గానీ కనబడలేదు. మా స్కూల్లో సైన్సు మాస్టారు అంతా విని, "చేపల లారీల నుంచి ఐసు రోడ్డు మీద పడుతుంది మేడం, మీ టైరు ఎత్తుకుని ఉంటుంది, జారింది కూడా అందుకే," అన్నారు. సబబుగానే అనిపించింది. భావనపాడు వెళ్లి చేపల పెట్టెల్లో వేసే ఐసు చేత్తో పట్టుకుని చూశాను. గులకరాళ్లలా ఉంది. పిసికితే ఉండ కాలేదు. కడుక్కున్నాక కూడా చేతికి చేపల వాసన పోలేదు. పోనీ, మెత్తటి ఐసు కూడా ఎక్కడో ఉంటుందనుకుందాం. మరి ఆ గొలుసుల చప్పుడు ఏ లారీలోంచి పడింది?

అత్త ఇంకో రెండు చలికాలాలు బతికింది. ఆ ఉదయం గురించి నేనే ఒకసారి కదిపాను. మంచం మీద అటు తిరిగి పడుకునే చెప్పింది.

"వాడొచ్చినాడని నాను అనను. రాలేదనీ అనను. సెయ్యి సల్లబడింది, అంతే నాకు తెలిసింది."

మొన్నటి వానల్లో ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్ని. మళ్లీ పుష్యమాసం వచ్చింది. రోజూ తెల్లవారుజామున అదే కారులో స్కూలుకి బయలుదేరుతున్నాను. ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. రోడ్డు ఖాళీగా ఉండి పొగమంచు కమ్మేసినప్పుడు రేడియో కట్టేసి, చలి కొడుతున్నా పక్క అద్దం దించి వింటాను. ఇంజను చప్పుడు వస్తుంది. టైర్ల కింద తడి రోడ్డు చప్పుడు వస్తుంది. ఒక్కోసారి ఎదురుగా వచ్చే బస్సు హారను.

ఆ ఉదయం జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. బావే అయితే, అమ్మ కోసం అంత దూరం వచ్చినవాడు నాకోసం ఒక్కసారి కూడా ఎందుకు రాలేదో, అది అంతకన్నా తెలియదు.