దిష్టి చుక్క బుగ్గన పెట్టాను

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కూతురి కూతురు రాస్తోంది. తన సంగతే కాబట్టి ఏమైనా దాటేసినా నాకు తెలియదు.

కుప్పంలో ఇంజనీరింగు చదివే ఈ పిల్ల పరీక్షలప్పుడు పుంగనూరులో నా దగ్గరికి వచ్చింది. నాకున్నది ఒకటే గది. చదువూ అందులోనే, బట్టలు మార్చుకోవడమూ అందులోనే. ఒకరోజు తల దువ్వుకుంటుంటే ల్యాప్‌టాప్ పైన చిన్న దీపం దానంతట అదే వెలిగిందట. ఠక్కున మూసేసింది. ఎవరో ఎక్కడినుంచో చూస్తున్నారని, ఇంక దాన్ని తెరవనని, పరీక్ష కూడా రాయనని కూర్చుంది. ఆ పరీక్ష ఇంటి నుంచి దాంట్లోనే రాయాలి. రాయకపోతే ఏడాది పోతుంది.

ఎవరో చూస్తున్నారంటే నాకు తెలిసింది దిష్టే. మూడో రోజు తను స్నానానికి పోయినప్పుడు మూత తెరిచి, చంటిబిడ్డకు బుగ్గన పెట్టినట్టు ఓ మూలన కాటుక చుక్క పెట్టాను.

వచ్చి చూసి ఎన్నాళ్లకో నవ్వింది.

“అవ్వా, దీనికి బుగ్గన పెడితే ఏం లాభం? కంట్లో పెట్టాల.”

“కంట్లో చుక్క యాడైనా పెడతారామే?”

కన్నెక్కడో అప్పుడు చూపించింది. దీపం పక్కన, ఆవగింజంత. మా ఆయన పోయాక వాడని బొట్టుబిళ్ళల అట్ట పెట్టెలో ఉంటే, నల్లది తీసి దాని మీద అంటించాను. అయిపోయిందనుకున్నాను.

“సెవులు కూడా ఉండాయి దానికి,” అంది మెల్లగా. మైకు సంగతి. ఆ వారమంతా ఆ గదిలో నేను వియ్యపురాలిని తిట్టిన తిట్లు వరసగా గుర్తొచ్చాయి.

మరునాడు బస్సెక్కించి మదనపల్లెకు తీసుకెళ్లాను. రిపేరు షాపాయన చూసి, మెసేజీలో వచ్చిన ఏదో లింకు నొక్కినప్పుడు దొంగ ప్రోగ్రాం దూరిందన్నాడు. అంతా తుడిచి కొత్తగా వేశాడు. పాస్‌వర్డులన్నీ మార్పించాడు. కెమెరా, మైకు ఏ ప్రోగ్రాంకు ఇవ్వాలో దేనికి వద్దో పిల్ల చేతనే నొక్కించాడు.

పరీక్షకు మాత్రం కెమెరా తెరిచే ఉంచాలట, గదిలో రెండో మనిషి ఉండకూడదట. బిళ్ళ తీయడానికి పిల్లకు చెయ్యి రాలేదు. నేను తీస్తానంటే వద్దంది. కాసేపటికి తనే గోటితో గీకి తీసింది. నన్ను బయటికి పంపి తలుపేసుకుంది.

మూడు గంటలు గడప బయట కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు తీశాను. లోపల టకటక ఆగినప్పుడల్లా నా చెయ్యీ ఆగేది.

తలుపు తీసి, “అంతా రాసినానవ్వా, ఆకలైతాండాది,” అంది.

పొయ్యి మీద నేనింకా ఏమీ పెట్టలేదు.